పెద్ద ఎయిర్‌పోర్ట్ పక్కన చిన్న విమానాలకు మిగిలే ఇరుకు దారి

శంషాబాద్ విమానాశ్రయం రన్‌వేలు తూర్పు పడమరలుగా ఉన్నాయి. తూర్పు వైపు ఆ గీతను అలాగే పొడిగిస్తే ఆదిబట్ల మీదుగా, ఇబ్రహీంపట్నానికి కాస్త ఉత్తరంగా సాగి, చౌటుప్పల్ దగ్గర విజయవాడ హైవేను తాకుతుంది. జెట్ విమానాలు సాధారణంగా మూడు డిగ్రీల వాలులో, అంటే కిలోమీటరుకు సుమారు 170 అడుగుల చొప్పున దిగుతాయి. ఆ లెక్కన చౌటుప్పల్ మీద ఎనిమిది వేల అడుగుల ఎత్తులో ఉన్న విమానం ఇబ్రహీంపట్నం పక్కకొచ్చేసరికి మూడున్నర వేలకు, ఆదిబట్ల దాకా వచ్చేసరికి పదహారు వందలకు చేరుతుంది. ఇద్దరు కూర్చునే శిక్షణ విమానాలు మామూలుగా తిరిగే ఎత్తు కూడా దాదాపు ఇదే. వెయ్యి అడుగుల నుంచి నాలుగైదు వేల దాకా.

నల్లగొండ మీదుగా, పాలమూరు మీదుగా ముప్పై వేల అడుగుల పైన వెళ్లిపోయే విమానాలకూ కింద తిరిగే సెస్నా లాంటి చిన్న శిక్షణ విమానానికీ మధ్య బోలెడంత ఎడం ఉంటుంది. పెద్ద ఎయిర్‌పోర్ట్ దగ్గరయ్యేకొద్దీ ఆ ఎడం తగ్గుతూ పోతుంది. అలా తగ్గిపోకుండా చూడటానికి పెట్టిన నియమాలే చిన్న విమానాలకు ఇంకో రకం ప్రమాదాన్ని తెచ్చిపెడుతున్నాయి. దీని గురించి ఇక్కడ ఎవరూ పెద్దగా మాట్లాడటం లేదు.

దక్షిణ తెలంగాణకు చిన్న విమానాలు కొత్తేమీ కాదు. శంషాబాద్‌కు దగ్గర్లోనే నాదర్‌గుల్‌లో శిక్షణ విమానాల రన్‌వే ఉంది. నాగార్జునసాగర్ దగ్గర కృష్ణకు అవతలి ఒడ్డున, విజయపురి సౌత్‌లో మరొకటి ఉంది. 2022 ఫిబ్రవరి 26న సాగర్ నుంచి లేచిన సెస్నా 152 పెద్దవూర మండలం తుంగతుర్తి దగ్గర పొలాల్లో కూలి, ఒంటరిగా నడుపుతున్న ట్రైనీ పైలట్ చనిపోయింది. 2019 అక్టోబరులో వికారాబాద్ జిల్లా సుల్తాన్‌పూర్ దగ్గర మరో శిక్షణ విమానం కూలి ఇద్దరు ట్రైనీలు ప్రాణాలు కోల్పోయారు. ఈ రెండూ ఢీకొన్న ప్రమాదాలు కావు. కానీ మన పొలాల మీద తిరిగేది ఎవరు, వాళ్ల అనుభవం ఎంత అన్నది వీటిని చూస్తే అర్థమవుతుంది. కమర్షియల్ పైలట్ లైసెన్స్‌కు మన దేశంలో 200 గంటలు ఎగరాలి. ఆ గంటల్లో పెద్ద భాగం ఇలాంటి చిన్న రన్‌వేల చుట్టూనే గడుస్తుంది.

ఇక ఆ నియమాల సంగతి. రద్దీ ఎయిర్‌పోర్ట్ చుట్టూ ఉండే ఆకాశాన్ని కంట్రోలర్ల అధీనంలో ఉంచుతారు. ఆ హద్దు నేల దగ్గర చిన్నగా మొదలై, పైకి వెళ్లేకొద్దీ మెట్లు మెట్లుగా వెడల్పవుతుంది. దిగే జెట్‌లు ఆ హద్దు లోపలే ఉంటాయి. అనుమతి లేని చిన్న విమానం లోపలికి రాకూడదు. కాబట్టి ఆ మెట్ల కింద మిగిలిన ఖాళీలోంచో, పక్కనుంచో పోవాలి. జెట్‌లో కూర్చున్న రెండు వందల మందిని కాపాడటానికి ఇది మంచి ఏర్పాటే. అయితే చిన్న విమానాలన్నీ మిగిలిన ఆ సందులోకే చేరతాయి. అందరూ ఒకే నదినో, ఒకే హైవేనో, ఒకే చెరువునో గుర్తు పెట్టుకుని దారి చూసుకుంటారు. పై హద్దుకు తగలకుండా అందరూ దానికి కాస్త కిందుగా, దాదాపు ఒకే ఎత్తులో ఎగురుతారు. ఆకాశం విశాలమైనదన్న మాట ఆ సందులో చెల్లదు.

న్యూయార్క్ హడ్సన్ నది మీద 2009 ఆగస్టు 8న జరిగింది ఇదే. చుట్టూ నెవార్క్, లాగార్డియా, కెనడీ లాంటి పెద్ద ఎయిర్‌పోర్ట్‌లు. వాటి మధ్య నది మీద, పదకొండు వందల అడుగుల లోపు ఎత్తులో, కంట్రోలర్ అనుమతి అక్కర్లేని ఒక దారిని చిన్న విమానాలకూ పర్యాటకుల హెలికాప్టర్లకూ వదిలారు. టెటర్‌బోరో నుంచి లేచిన ఒక పైపర్ విమానం, ఇటలీ పర్యాటకులతో అప్పుడే లేచిన హెలికాప్టర్ అక్కడ ఢీకొన్నాయి. తొమ్మిది మంది చనిపోయారు. వాతావరణం బాగుంది, పట్టపగలు. టెటర్‌బోరో కంట్రోలర్ ఆ సమయంలో సొంత ఫోన్ మాట్లాడుతున్నాడని, పైలట్ తర్వాతి ఫ్రీక్వెన్సీని తప్పుగా తిరిగి చెప్పినా అది ఎవరి చెవినా పడలేదని దర్యాప్తులో తేలింది. వార్తలన్నీ ఆ ఫోన్ చుట్టూనే తిరిగాయి. దర్యాప్తు బృందం మాత్రం మొదటి కారణంగా చెప్పింది వేరు. ఎదుటి విమానాన్ని కంటితో చూసి తప్పుకోవాలన్న పద్ధతికే పుట్టుకతో వచ్చిన పరిమితులున్నాయని అంది. ఆ తర్వాత ఆ దారిని ఎత్తుల వారీగా విడదీశారు. నేరుగా దాటిపోయేవాళ్లు వెయ్యి అడుగుల పైన, అక్కడక్కడే తిరిగేవాళ్లు దాని కింద. ఎక్కడున్నామో రేడియోలో చెప్పడం తప్పనిసరి చేశారు. వేగానికీ హద్దు పెట్టారు. ఇవన్నీ ప్రమాదానికి ముందు రోజైనా చేయగలిగినవే.

చూసి తప్పుకోవడం అనే పద్ధతి ఎందుకు విఫలమవుతుందో కాస్త నిదానంగా చూడాలి. ప్రమాదం జరిగినప్పుడల్లా 'పైలట్ చూసుకోలేదు' అని ఒక్క మాటలో తేల్చేస్తారు. చాలాసార్లు అది చూడటానికి వీల్లేని పరిస్థితి.

నార్కెట్‌పల్లి కూడలి వైపు బండి మీద వెళ్తున్నారనుకోండి. అడ్డంగా వచ్చే ఇంకో రోడ్డు మీద లారీ వస్తోంది. మీ దృష్టిలో ఆ లారీ ముందుకో వెనక్కో జరుగుతూ కనిపిస్తే మీరు ముందో అది ముందో దాటిపోతుంది. ఎంతసేపు చూసినా అదే దిక్కున కదలకుండా ఉండి, కాస్త కాస్త పెద్దదవుతోందంటే మీరిద్దరూ కూడలికి ఒకేసారి చేరబోతున్నారు. ఆకాశంలోనూ అంతే. ఢీకొనబోయే విమానం అద్దంలో ఒకే చోట నిలిచిపోయి ఉంటుంది. మనిషి కన్ను కదిలేదాన్ని చటుక్కున పట్టుకుంటుంది, నిలిచి ఉన్నదాన్ని వదిలేస్తుంది. అంటే పక్కనుంచి పోయే విమానాలు కంట్లో పడతాయి, మీదికొచ్చేది పడదు. పైగా దూరంగా ఉన్నంతసేపూ అది పెరుగుతున్నట్టే తెలియదు. చివరి కొన్ని సెకన్లలో ఒక్కసారిగా ఉబ్బినట్టు పెద్దదవుతుంది.

సమయం లెక్క ఇంకా కఠినం. ఎదుటి వస్తువు కంట్లో పడటం, అది విమానమని గుర్తించడం, మన దారిలోకే వస్తోందని గ్రహించడం, ఎటు తిప్పాలో నిర్ణయించుకోవడం, చేయి కదపడం, విమానం స్పందించడం. అన్నీ కలిపి 12.5 సెకన్లు పడుతుందని అమెరికా విమానయాన సంస్థ ఎఫ్‌ఏఏ పైలట్లకు చెబుతుంది. ఇందులో చేయి కదిపేందుకు పట్టేది అర సెకను కూడా కాదు. ఎక్కువ భాగం గ్రహించడానికీ నిర్ణయించుకోవడానికీ పోతుంది. గంటకు 200 కిలోమీటర్ల వేగంతో రెండు శిక్షణ విమానాలు ఎదురెదురుగా వస్తుంటే ఆ వ్యవధిలో వాటి మధ్య దూరం సుమారు 1,400 మీటర్లు తగ్గుతుంది. అంటే కిలోమీటరున్నర ముందే చూసి ఉండాలి. ఎదురుగా చూస్తే సెస్నా శరీరం వెడల్పు మీటరు, మీటరున్నర మించదు. రెక్కలు సన్నటి గీతలా ఉంటాయి. వెనకాల ఎండిన పొలాలు, ఇళ్ల కప్పులు, పొగమంచు. ఆ నేపథ్యంలో అంత దూరం నుంచి తెల్లటి చుక్కను పట్టుకోవాలి. ఎదుటిది 460 కిలోమీటర్ల వేగంతో దిగుతున్న జెట్ అయితే రెండు కిలోమీటర్లకు మించిన దూరంలోనే చూడాలి.

కన్ను చేసే ఇంకో పని చాలామందికి తెలియదు. చూడటానికి ఏమీ లేని ఖాళీ ఆకాశంలోకి చూస్తున్నప్పుడు కంటి ఫోకస్ తనంతట తానే దగ్గరికి, ఒకటి రెండు మీటర్ల దూరానికి వచ్చేస్తుంది. దూరపు చుక్కలు మసకబారతాయి. అందుకే ఆకాశాన్ని పది పది డిగ్రీల ముక్కలుగా చేసుకుని, ఒక్కో ముక్క దగ్గర కనీసం సెకను ఆగి చూడాలని నేర్పుతారు. ఇన్‌స్ట్రక్టర్ పాఠం చెబుతూ, ట్రైనీ మీటర్లు చూస్తూ, చెవిలో రేడియో మోగుతూ ఉండే కాక్‌పిట్‌లో అది ఎంతవరకు సాధ్యమో ఊహించడం కష్టం కాదు.

ఎక్కువ మంది అనుకునేట్టు ఇలాంటి ప్రమాదాలు మబ్బుల్లోనో చీకట్లోనో జరగవు. ఎక్కువ శాతం పట్టపగలు, మంచి వాతావరణంలో, రన్‌వేకు కొద్ది కిలోమీటర్ల దూరంలో జరుగుతాయి. చాలావాటిలో విమానాలు ఎదురెదురుగా రావు. రెండూ ఒకే రన్‌వే వైపు దిగుతూ, వెనకది ముందుదాన్ని అందుకుంటుంది.

కారణం సర్క్యూట్. రన్‌వే చుట్టూ దీర్ఘచతురస్రంలా తిరిగే దారి అది. లేవడం, పక్కకు తిరగడం, రన్‌వేకు సమాంతరంగా వెనక్కి రావడం, మళ్లీ తిరిగి దిగడం. చివరి సూటి దారిని ఫైనల్ అంటారు. అందరూ అక్కడ కలవాల్సిందే. సెస్నాకు రెక్క పైన ఉంటుంది, కాబట్టి పైన ఏముందో పైలట్‌కు కనబడదు. పైపర్ లాంటివాటికి రెక్క కింద ఉంటుంది, కింద ఏముందో కనబడదు. పైనుంచి పైపర్, దాని కింద సెస్నా ఒకే రన్‌వేకు దిగుతుంటే ఇద్దరూ ఒకరికొకరు సరిగ్గా మరుగున పడతారు. ఇద్దరూ ఎంత శ్రద్ధగా చూసినా ఫలితం ఉండదు.

కాలిఫోర్నియాలోని వాట్సన్‌విల్‌లో 2022 ఆగస్టులో ఒక చిన్న సెస్నా 152 సర్క్యూట్‌లో తిరుగుతోంది. రెండు ఇంజన్ల సెస్నా 340 దూరం నుంచి సూటిగా ఫైనల్‌లోకి వచ్చింది. దాని వేగం శిక్షణ విమానం వేగానికి రెండింతల పైనే. అక్కడ విమానాలకు దారి చెప్పే కంట్రోల్ టవర్ లేదు. ఇద్దరూ రేడియోలో చెప్పుకుంటూనే ఉన్నారు. ముగ్గురు చనిపోయారు. అదే ఏడాది జులైలో నార్త్ లాస్ వెగాస్‌లో టవర్ ఉన్న చోటే రెండు చిన్న విమానాలు దిగుతూ ఢీకొని నలుగురు పోయారు.

మన పిల్లలు శిక్షణకు వెళ్లే దేశాల్లోనే ఇవి జరుగుతున్నాయి. 2018 జులైలో మయామీ దగ్గర ఒకే శిక్షణ సంస్థకు చెందిన రెండు విమానాలు ఢీకొని నలుగురు చనిపోయారు. వాళ్లలో ఒక భారతీయ అమ్మాయి ఉంది. 2025 జులైలో కెనడాలోని మానిటోబాలో, శిక్షణ సంస్థ సొంత రన్‌వే దగ్గర టేకాఫ్, ల్యాండింగ్ ప్రాక్టీస్ చేస్తున్న ఇద్దరు విద్యార్థుల విమానాలు ఢీకొన్నాయి. ఇద్దరూ చనిపోయారు, ఒకరు కేరళ యువకుడు. రెండు విమానాల్లోనూ రేడియోలు ఉన్నాయి. మిర్యాలగూడలోనో వనపర్తిలోనో భూమి అమ్మి, లోన్ తెచ్చి పిల్లలను పైలట్ కోర్సుకు పంపే ఇళ్లకు ఈ వార్తలు దూరపు వార్తలు కావు.

చిన్న విమానం పెద్దదాన్ని తగిలితే నష్టం ఎంతో 1978లో శాన్ డియేగోలో తెలిసింది. దిగుతున్న బోయింగ్ 727కు ముందు సెస్నా 172 ఉందని కంట్రోలర్ చెప్పాడు. సిబ్బంది చూశామన్నారు. తర్వాత అది కంటికి కనబడకుండా పోయింది. దాటిపోయి ఉంటుందనుకున్నారు. కింద నేల మీద ఉన్నవాళ్లతో కలిపి 144 మంది చనిపోయారు. రెండు విమానాలు దగ్గరవుతున్నాయని కంట్రోల్ గదిలో కంప్యూటర్ హెచ్చరిక మోగింది కూడా. రోజూ ఊరికే మోగే హెచ్చరిక కావడంతో ఎవరూ కదల్లేదు. 1986లో లాస్ ఏంజెలిస్ పక్కన సెరిటోస్‌లో ఒక పైపర్ అనుమతి లేని హద్దులోకి జారిపోయి, దిగుతున్న డీసీ-9 ప్రయాణికుల జెట్‌ను తగిలింది. 82 మంది చనిపోయారు. ఆ పైపర్‌లో ఎత్తును రాడార్‌కు చెప్పే పరికరం లేదు. ఈ ఘటన తర్వాతే అమెరికాలో పెద్ద ఎయిర్‌పోర్ట్‌ల చుట్టూ 30 నాటికల్ మైళ్ల (సుమారు 55 కిలోమీటర్ల) పరిధిలో అలా ఎత్తు చెప్పే ట్రాన్స్‌పాండర్ అనే పరికరం తప్పనిసరి అయింది. ప్రయాణికుల విమానాల్లో టీక్యాస్ అనే హెచ్చరిక పరికరమూ వచ్చింది.

టీక్యాస్ ఉంది కదా, ఇక భయమేముందని అడగవచ్చు. అది చుట్టుపక్కల విమానాల ట్రాన్స్‌పాండర్లను అడిగి, 'పైకి వెళ్లు', 'కిందికి దిగు' అని పైలట్‌కు చెబుతుంది. ఎదుటి విమానంలో ట్రాన్స్‌పాండర్ లేకపోతే, లేదా ఆపేసి ఉంటే దానికేమీ తెలియదు. అంతర్జాతీయ నియమం ప్రకారం 5,700 కిలోలు మించినవి లేదా 19 మంది కంటే ఎక్కువ ప్రయాణికులకు అనుమతి ఉన్నవి మాత్రమే దీన్ని పెట్టుకోవాలి. సెస్నా 152 పూర్తి బరువు 760 కిలోలు. రెండు సెస్నాల మధ్య టీక్యాస్ అనే మాటే లేదు. ఇంకో పరిమితి కూడా ఉంది. నేలకు సుమారు వెయ్యి అడుగుల లోపు టీక్యాస్ 'ఇలా తప్పుకో' అనే ఆదేశం ఇవ్వదు. అంత తక్కువ ఎత్తులో కిందికి దిగమంటే అది ఇంకో ప్రమాదం కాబట్టి. 2025 జనవరి 29న వాషింగ్టన్‌లో ప్రయాణికుల జెట్, సైనిక హెలికాప్టర్ ఢీకొని 67 మంది చనిపోయినప్పుడు అవి మూడు వందల అడుగుల దగ్గర ఉన్నాయి. అక్కడా అదే కథ. రద్దీ రన్‌వేకు దిగే దారి కింద, రెండు వందల అడుగుల పైకి రావద్దని హెలికాప్టర్లకు ఒక సన్నటి దారి వదిలారు. రాత్రివేళ, కంటిచూపు మీద భారం వేశారు.

చిన్న విమానాలకు నిజంగా పనికొచ్చేది ఏడీఎస్-బి. విమానం తన స్థానం, ఎత్తు, వేగం ప్రతి సెకనూ ప్రసారం చేస్తుంది. పక్క విమానంలో దాన్ని అందుకునే పరికరం ఉంటే పైలట్ ముందున్న తెర మీద కనబడుతుంది, చెవిలో హెచ్చరిక వినబడుతుంది. అమెరికా 2020 జనవరి 1 నుంచి చాలా ప్రాంతాల్లో ప్రసారం చేయడాన్ని తప్పనిసరి చేసింది, అందుకోవడాన్ని చేయలేదు. సగం పనే చేసి వదిలినట్టయింది. ఆ సగం వదలడం పెద్ద పొరపాటని ఆ తర్వాతి ప్రమాదాలు చూస్తే అనిపిస్తుంది. కంటి మీదే ఆధారపడ్డ పైలట్‌కు ఎదుటివాడు ప్రసారం చేస్తున్నా, దాన్ని చూపించే తెర లేకపోతే ప్రయోజనం లేదు.

రాడార్ ఈ లోటును పూడ్చలేదా? భూమి వంపు వల్ల పూడ్చలేదు. సాగర్ రన్‌వే శంషాబాద్‌కు గాలిలో సూటిగా నూట ఇరవై కిలోమీటర్ల దూరం. పైగా హైదరాబాద్ పీఠభూమి కంటే బాగా పల్లంలో ఉంది. అక్కడ వెయ్యి అడుగుల ఎత్తులో సర్క్యూట్ తిరిగే విమానం శంషాబాద్‌లోని రాడార్ చూపుకు కిందనే ఉండిపోతుంది. నల్లమల కొండల వెనక ఇంకా కష్టం. ఎక్కడికక్కడ అందుకునే చిన్న ఏడీఎస్-బి గ్రౌండ్ స్టేషన్లు పెడితే ఈ గుడ్డి ప్రాంతాలు తగ్గుతాయి. ఒక రాడార్ పెట్టే ఖర్చుతో పోలిస్తే అది చాలా చిన్న ఖర్చు.

ఇప్పుడే ఈ మాట ఎందుకంటే, దక్షిణ తెలంగాణ ఆకాశంలో రద్దీ పెరగబోతోంది. రాష్ట్రంలో కొత్త ఎయిర్‌పోర్ట్‌ల కోసం పరిశీలించిన ఆరు చోట్లలో మహబూబ్‌నగర్ జిల్లా దేవరకద్ర ఒకటి. దక్షిణాన, గద్వాల దాటితే ఓర్వకల్లులో కర్నూలు ఎయిర్‌పోర్ట్ 2021 నుంచి నడుస్తోంది. ఉత్తరాన దుండిగల్, హకీంపేటల్లో వైమానిక దళం శిక్షణ విమానాలు తిరుగుతుంటాయి. కాబట్టి పౌర శిక్షణ విమానాలు దక్షిణం వైపు జరగడం సహజం. పొలాల మీద మందు కొట్టే డ్రోన్లు వీటికి చాలా కిందనే ఎగురుతాయి కాబట్టి ప్రస్తుతానికి వాటి వల్ల ఇబ్బంది తక్కువ. రన్‌వేల దగ్గర మాత్రం జాగ్రత్త అవసరం.

మన దేశంలో పెద్ద పాఠం 1996 నవంబరు 12న చర్ఖీ దాద్రీలో వచ్చింది. సౌదీ బోయింగ్ 747, కజఖ్ ఇల్యూషిన్-76 ఢీకొని 349 మంది చనిపోయారు. అప్పటికి ఢిల్లీకి వచ్చేవి, ఢిల్లీ నుంచి పోయేవి ఒకే దారిలో ఎదురెదురుగా నడిచేవి. కజఖ్ విమానం తనకు చెప్పిన 15,000 అడుగుల కిందికి దిగడం తక్షణ కారణమే. కానీ రావడానికీ పోవడానికీ వేరువేరు దారులు ఉండి ఉంటే, ఆ దిగడం ఒక చిన్న తప్పుగానే మిగిలేది. ప్రమాదం తర్వాత దారులు విడదీశారు, టీక్యాస్ తప్పనిసరి చేశారు. పెద్ద విమానాలకు 1996లో నేర్చుకున్న ఆ సూత్రం చిన్న విమానాలకూ వర్తించాలి. దేవరకద్రలోనో ఇంకెక్కడో రన్‌వే గీత గీసేటప్పుడే శిక్షణ విమానాల దారి, ఎత్తు, రేడియో ఫ్రీక్వెన్సీ శంషాబాద్‌కు దిగే దారులతో కలిపి ఒకే మ్యాపులో గీయాలి. ఎదురు దిశల్లో పోయేవాటికి కనీసం ఐదు వందల అడుగుల తేడా ఉండాలి. శిక్షణ విమానం ఏదైనా ఏడీఎస్-బి ప్రసారమూ అందుకోవడమూ రెండూ లేకుండా లేవకూడదు. ఒక ట్రైనీ సర్క్యూట్‌లో ఉండగా ఎంత మందిని లోపలికి వదలాలో లెక్క ఉండాలి.

ఇవి ప్రభుత్వమూ, పౌర విమానయానాన్ని నియంత్రించే డీజీసీఏ సంస్థా చేయాల్సినవి. కోర్సుకు డబ్బు కట్టే ముందు తల్లిదండ్రులు అడగగలిగినవీ ఉన్నాయి. మీ రన్‌వేకు టవర్ ఉందా, లేకపోతే రేడియోలో వినే మనిషి ఎవరు? ఒకే సమయంలో సర్క్యూట్‌లో గరిష్ఠంగా ఎన్ని విమానాలు తిరుగుతాయి? పిల్లలు ఒంటరిగా ఎగిరేటప్పుడు వేరే సంస్థల విమానాలు కూడా అక్కడ దిగుతాయా? పక్క విమానాన్ని చూపించే తెర ప్రతి విమానంలో పనిచేస్తోందా, కొన్నింట్లోనేనా? సంస్థ విమానాల్లో పైరెక్కవీ కిందిరెక్కవీ కలిసి ఉంటే ఫైనల్‌లో వాటి వరుస ఎలా నిర్ణయిస్తారు? ఫీజు ఎంతో, హాస్టల్ ఎలా ఉందో అడిగేటప్పుడే ఈ ప్రశ్నలు కూడా అడిగి, జవాబులు రాతపూర్వకంగా తీసుకోవచ్చు. విదేశాల్లో చేరేవాళ్లకైతే మరీ ముఖ్యం. అక్కడ ఒకే రన్‌వే మీద నాలుగైదు స్కూళ్లు నడిచే చోట్లు ఉన్నాయి.